ఏడో ఎక్కం, ఒంటికాలు

పోయిన వారం బాలవ్వను ఎక్కడ నిలబెట్టి వచ్చినమో యాదికున్నదా? పెద్దపల్లి రైలుగేటు అవతల సర్కారు బడిల, హెడ్మాస్టరు బల్ల ముంగట. నడుముల చెంగు దోపుకొని, "మా హర్షిణి టీసీ ఇయ్యి సారూ, ఇప్పుడే ఇయ్యి" అని నిలబడ్డది. ఆ మాట చెవుల పడ్డప్పటి సంది మూడో తరగతి టీచరు అంబ్రీన్‌కు పానం పానంల లేదు.

తప్పంతా తనదే అనుకుంటున్నది ఆ టీచరు పిల్ల. కొంత నిజమే మరి. అంబ్రీన్‌ది మంచిర్యాల. దినాం పొద్దుగాల ప్యాసింజరు రైలెక్కి వస్తది. జూన్‌ల చేరింది, చేరిన నెలకే తరగతిల బల్లలన్నీ వరండాలకు నూకిచ్చింది. నేల మీద సుద్దతోని పది గడులు గీసి, ఒంటికాలు మీద దుంకుకుంట ఎక్కాలు చెప్పుమన్నది. గడికొక లెక్క. తెలుగు పాఠమైతే అక్షరాన్ని ఒంటితోని చేసి చూపాలె. 'ఠ' అంటే పిల్లలందరు గుండ్రంగ ముడుసుకునుడు, 'ల' అంటే నడుం వంచి చెయ్యి పైకి తిప్పుడు.

హెడ్మాస్టరు మధుసూదన్‌రావు సారు లెక్క ప్రకారం పిల్లలంటే చేతులు కట్టుకొని, మూతి మీద వేలేసుకొని కూసునేటోళ్లు. ముప్పై నాలుగేండ్లు అట్లనే కూసోవెట్టిండు. "తరగతా ఇది, జాతరా?" అని మూడు రోజులు గొణిగిండు. నాలుగో రోజు అవేజ్ అనే పోరడు, రెండో ఎక్కం కాడ్నే రెండేండ్లు కూలవడ్డోడు, ఎనిమిదో ఎక్కం గడగడ దుంకి చెప్తే సారు తలుపుకాడ నిలబడి కండ్లద్దాలు తుడుసుకున్నడు. దసరా సెలవుల దాక చేసి చూడుమని మోకా ఇచ్చిండు. "కానీ అమ్మా, ఒక్క తల్లి వచ్చి టీసీ అడిగిన్నాడు బల్లలు మల్ల లోపటికొస్తయి," అన్నడు.

తల్లి రాలే. అమ్మమ్మ వచ్చింది.

హర్షిణికి ఎనిమిదేండ్లు. తల్లిదండ్రులు భీవండిల బట్టలు నేసే సాంచెల కాడ పనికి పోయిండ్రు, పిల్ల బాలవ్వ కాడ పెరుగుతున్నది. పుట్టుకతోనే ఎడమ పాదం లోపటికి మళ్లి ఉండె. మూడేండ్లప్పుడు కరీంనగర్ల ఆపరేషన్ చేసిండ్రు. ఇప్పుడు నడుస్తది గని, జర ఒరిగి నడుస్తది. దుంకితే పడ్తదని అంబ్రీన్ ఆ పిల్లకు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసింది, మెడల సీటీ వేసింది. "నువ్వు మా లెక్క మనిషివి తల్లీ. ఎవరు ఎన్ని గడులు దుంకిండ్రో లెక్కవెట్టు, గీత తొక్కితే సీటీ ఊదు," అన్నది. పిల్లకు పెద్ద మర్యాద చేసిన అనే అనుకున్నది.

రెండు నెలలు ఊదింది హర్షిణి. పోయిన సోమవారం నుంచి బడికి రాలే. గురువారం బాలవ్వ వచ్చింది. సారు టీసీ కాయితం నింపిండు, సంతకం చేయకుండ బల్ల మీద పెట్టి, "రేపు పది గంటలకు పిల్లను తీస్కొని రా, ఇస్త," అన్నడు. ఆమె పోయినంక అంబ్రీన్ దిక్కు చూసిండు. తిట్టినా బాగుండు అనిపిచ్చింది అంబ్రీన్‌కు.

ఇగ ఇయ్యాల్టి సంగతి.

బడి గంట కొట్టంగనే అంబ్రీన్ దినాం స్టేషన్ దిక్కు ఉరుకుతది. ఆ దినం ఉరకలే. "అమ్మీ, ఆజ్ జరా దేర్ హోతీ," అని, ఆలిస్యమయితదని ఇంటికి ఫోన్ చేసి, బ్యాగు సంకకేసుకొని, గేటు దాటి బాలవ్వ ఇంటి బాట పట్టింది.

రెండర్రల రేకుల ఇల్లు. బాలవ్వ అరుగు మీద కాళ్లు చాపుకొని, ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. కత్తిరిచ్చిన తునికాకు, దాంట్ల ఇంత తంబాకు, ఒక్క తిప్పు, దారం. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నయి. కండ్లు మాత్రం వచ్చేటామెను ఎగాదిగా చూస్తున్నయి.

"అచ్చినవా టీచరమ్మా. కూసో. మా ఇంట్ల కుర్చీ లేదు. కుర్చీలు మీ బడిలనే ఉన్నయి."

అంబ్రీన్‌కు ఆ మాట సర్రున తాకింది. అరుగు కింద మెట్టు మీద కూసున్నది.

"హర్షిణికి పానం బాగలేదా అవ్వా?"

"పానానికేమైంది, గుండ్రాయి లెక్కుంది. ఎనుక దిక్కున్నట్టుంది, సోమారం సంది నీ మొగం చూడనంటున్నది."

"నేనేమన్న అన్ననా?"

"నువ్వేమంటవు బిడ్డా! నువ్వు ఒక్క మాటంటే నేను నాలుగందును. ఇద్దరం మంచిగ కొట్లాడుకుందుము, అయిపోయేది." బాలవ్వ దారం తెంపింది. "దానికి సీటీ ఇచ్చినవు. ఇంటికచ్చి ఆ సీటీని బియ్యం డబ్బల దాసింది. ఎందుకే అంటే, ఊదితే చెవులు నొస్తున్నయి అమ్మమ్మా అన్నది. చెవులా నొచ్చింది? అందరు దుంకుతాంటే అది కూసొని లెక్కవెట్టాలె. పెండ్లిల మంది తింటాంటే ఇస్తర్లు లెక్కవెట్టినట్టు."

"పడ్తదని భయపడ్డ అవ్వా. నీ తోడు, అంతే."

"భయం నాకు లేదా?" బాలవ్వ చేతులు అప్పుడు ఆగినయి. "దానికి దుంకుడు మనా ఉన్నది. డాక్టరే చెప్పిండు. అయిదేండ్ల సంది ఈ వాకిట్ల ఒక్క దుంకు దుంకనియ్యలే నేను. దాన్ని దుంకిపియ్యలేదని నిన్ను తప్పు పడతలేను టీచరమ్మా. దుంకరాని పిల్లున్న తరగతిల దుంకుడాట ఎందుకు పెట్టినవని అడుగుతున్న. చెప్పు."

అంబ్రీన్ ట్రెయినింగుల విన్న మాటలన్నీ ఉన్నయి మనసుల. పిల్లలు కదులుతాంటే మంచిగ నేర్చుకుంటరు, ఒళ్లు మేలుకుంటే తెలివి మేలుకుంటది అని. అన్నీ నిజమే. ఆ ముసలామె అడిగింది మాత్రం ఏ ట్రెయినింగుల ఎవరు అడగలే.

బాలవ్వే మల్ల అందుకున్నది. ఈసారి గొంతు తగ్గింది.

"బల్లలున్నప్పుడు ఎట్లుండె? అందరు కూసునే ఉండిరి. నా పిల్ల సుత కూసునే ఉండె. అందర్ల ఒకతె. నువ్వచ్చి అందర్ని లేపినవు. అది ఒక్కతే కూసున్నది. గప్పుడు కనవడ్డది బిడ్డా, బడందరికి దాని కాలు."

అంబ్రీన్ రెండు నెలల సంది కుర్చీల కూసున్న పిల్లను చూసి మురిసింది. లెక్క మనిషి, లెక్క మనిషి అని పిలిచి చప్పట్లు కొట్టిచ్చింది. ఆ చప్పట్లప్పుడు పిల్ల మొగం ఎట్లుండెనో యాది చేసుకుందామంటే యాదికి రాలే. ఆ మొగాన్ని సరిగ్గ ఎన్నడు చూసింది గనుక?

"మంచిర్యాల రోడ్డు మీద ప్రైవేటు బడి ఉన్నది," అన్నది బాలవ్వ. "ఆడ పిల్లలను కదలనియ్యరట. పొద్దుందాక బల్లకు అంటుకొని కూసోవాలెనట. నాకు గా బడే మంచిది."

పక్కింట్ల టీవీ గట్టిగ మోగుతున్నది. దాని నడుమల నుంచి ఇంకో సప్పుడు వచ్చింది. ధప్. జర ఆగి, మల్ల ధప్.

"ఏంది అవ్వా అది?"

"ఎవలదో మేక. గోడ దుంకి అస్తది."

ధప్.

"ఏడు మూళ్ల ఇరవై ఒకటి."

మేకకు ఎక్కాలు రావు కదా! ఇద్దరు ఒకల మొగం ఒకలు చూసుకున్నరు. చాట పక్కకు పెట్టి బాలవ్వ లేచింది. రోజు ఈ యాల్లకు ఆమె చుట్టిన బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోయి ఉంటది, ఇంట్ల పిల్ల ఒక్కతే ఉంటది. టీచరు రాకపోతే ఇయ్యాల సుత పోయేదే. ఆ సంగతి తెల్వక, ఇల్లు ఖాళీ అనుకొని, ఇంటెనుక బట్టలుతికే గచ్చు మీద తన పని తాను చేసుకుంటున్నది హర్షిణి.

పది గడులు. తరగతిల గీసినట్టే, కొలతవెట్టి గీసినట్టే. గడికొక అంకె. ఎడమకాలు ఎనుకకు మడిచింది, ఒక చేతితోని గౌను కుచ్చిళ్లు పట్టుకున్నది. కుడికాలు మీద దుంకుతున్నది. నాలుగుల ఇరవై ఎనిమిది. అయిదుల ముప్పై అయిదు. ఎక్కడ ఒరుగుడు లేదు, తడబడుడు లేదు. పదో గడిల డెబ్బై అన్నది, అదే కాలు మీద గిర్రున తిరిగింది, ఎనుకకు మొదలువెట్టింది. "ఏడు పదుల డెబ్బై, ఏడు తొమ్మిదుల అరవై మూడు, ఏడెనిమిదుల యాభై ఆరు..."

అంబ్రీన్ తరగతిల ఎక్కం ఎనుకకు చెప్పేటోళ్లు ఇంకా ఎవరు లేరు. అవేజ్ సుత లేడు. ఇన్నేండ్లు ఒళ్లంత మోసింది ఆ కుడికాలే కదా, దానికి ఎంత బలం ఉండాలె! ఒంటికాలు మీద నిలబడుడు బడి మొత్తంల ఈ పిల్లకే అందరికన్న బాగ తెలుసు. ఆ పిల్లనే తీస్కపోయి కుర్చీల కూసోవెట్టినవు కదనే పిచ్చిదానా, అని తనను తాను తిట్టుకున్నది అంబ్రీన్.

"హర్షీ! దుంకకే! అయ్యో దేవుడా, దుంకకే!"

బాలవ్వ కేకకు పిల్ల ఉలిక్కిపడ్డది. రెండు కాళ్లు కిందపడ్డయి, గీత మీదనే. జేబుల నుంచి సుద్దముక్కలు రాలి గచ్చు మీద దొర్లినయి. పిల్ల ముందుగాల అమ్మమ్మను చూసింది, ఎనుక టీచరును చూసింది. మొగం తెల్లగయింది.

"దొంగతనం చేయలే టీచర్. విరిగినయే తెచ్చిన. బోర్డు కింద పడ్డయి."

బాలవ్వ ఉరికొచ్చి కిందకూలవడి పిల్ల ఎడమకాలు రెండు చేతులతోని తడిమింది. మడిమ నొక్కింది, వేళ్లు నొక్కింది. "నొస్తుందా? ఈడ నొస్తుందా? చెప్పవేమే?"

"నొస్తలేదు అమ్మమ్మా. రోజూ దుంకుత. ఎప్పుడు నొయ్యలే."

"రోజా!"

అంబ్రీన్ సుత పిల్ల ముంగట కూసున్నది. "నాకెందుకు చెప్పలే తల్లీ, దుంకొస్తదని?"

హర్షిణి తలకాయ వంచుకున్నది. "మీరు అడగలే. కూసో తల్లీ అన్నరు, కూసున్న."

అంతే చెప్పింది. కోపంగ సుత చెప్పలే. అంబ్రీన్‌కు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. టీచరు పిల్లల ముంగట ఏడ్వద్దని అవి రెప్పల కిందనే ఆపుకున్నది.

బాలవ్వ మాత్రం ఊకోలే. దబదబ లోపటికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, నడుమల నాలుగు మడతలు పెట్టిన దవాఖాన కాయితం. మడతల కాడ పసుపుపచ్చగయి చినిగేటట్టున్నది.

"నేను అబద్ధం చెప్తనా? గిదే డాక్టరు రాసిచ్చిన కాయితం. దుంకనియ్యకు, ఉరకనియ్యకు, కాలు మల్ల లోపటికి మలుగుతది అన్నడు. సదువు. నువ్వే సదువు, గీ పిల్ల సుత వింటది."

అంబ్రీన్ సదివింది. ఒకసారి సదివి, మల్ల మొదటి నుంచి సదివింది. పైకి చెప్తే ఆ ముసలామెకు బాధ, చెప్పకుంటే ఇంకా అన్యాయం.

"అవ్వా, ఈ దుంకనియ్యద్దు అన్నది పట్టి ఉన్నన్ని దినాలకే. ఆరు వారాలు అని రాసి ఉన్నది."

"ఆఁ. ఆరు వారాలు. ఎనుక?"

"ఎనుక నడిపియ్యాలె, ఆడిపియ్యాలె అని రాసిండు. కాలుకు పని చెప్పాలె, లేకుంటే బలం రాదు అని. ఆరు నెలలకు మల్ల తీస్కొచ్చి చూపియ్యాలె అని సుత ఉన్నది. చూపిచ్చినవా?"

బాలవ్వ ఆ కాయితం చేతులకు తీస్కున్నది. అక్షరం రాకున్నా, చూస్తే దొరుకుతదేమో అన్నట్టు చూసింది.

"పోలే," అన్నది. "ఆ ఏడే నా బిడ్డ, అల్లుడు భీవండి పోయిరి. ఒక్కదాన్ని. పోతే మల్ల కోస్తమంటరని భయమయింది. డాక్టరు మంచిగనే చెప్పిండొచ్చు బిడ్డా. దుంకనియ్యకు అన్నకాడనే నా చెవులు మూసుకపోయినయి, ఎనుక ఏమన్నడో నాకు ఎక్కలే. ఆరు వారాలంటే ఎంత? నెలన్నర. నేను అయిదేండ్లు కూసోవెట్టిన దాన్ని. బతుకమ్మ కాడ సుత పోనియ్యలే. నా సంకలనే కూసోవెట్టుకున్న."

గెలిచిన అనుకోవచ్చు అంబ్రీన్. కానీ ఆ ముచ్చటే రాలే ఆమె మనసుకు. బాలవ్వ చెయ్యి పట్టుకున్నది. తంబాకు వాసన, ఆకు చీరి చీరి మొద్దువారిన వేళ్లు.

"నేను సుత కూసోవెట్టిన అవ్వా. నువ్వంటే సదువు రాక. నేను ఇంత సదువుకొని."

బాలవ్వ గచ్చు మీద సుద్దముక్కలు ఒక్కొక్కటి ఏరి చెంగుల కట్టుకున్నది. మొగం తుడుసుకొని లేచింది.

"రేపు పది గంటలకు అస్త," అన్నది. టీసీ కోసమా, ఇంకో దానికా, చెప్పలే. అంబ్రీన్ బ్యాగు తీస్కొని వాకిలి దాటంగ ఎనుక నుంచి సన్నగ పిల్ల గొంతు వినవడ్డది.

"టీచర్, రేపు కుర్చీ ఉంటదా?"

ఏమని చెప్పాలె? ఉంటదంటే ఒక తప్పు, ఉండదంటే ఒక ఆశ. రేపు ఈ పిల్ల ఏ బడిలుంటదో తనకే తెల్వదు. "నువ్వు రా తల్లీ," అని మాత్రం అన్నది.

తెల్లారి తొమ్మిదిన్నరకే అంబ్రీన్ తరగతిల సుద్ద పట్టుకొని మోకాళ్ల మీద కూసున్నది. పది గడులు గీసింది. అంకెలు రాసింది. ఎర్ర కుర్చీ తీసి మూలకు పెట్టింది, మల్ల తెచ్చి దాని జాగల వేసింది, మల్ల తీసింది. "టీచర్, ఆ కుర్చీ సుత ఆటల ఉన్నదా?" అన్నడు అవేజ్. పిల్లలు కిసకిస నవ్విండ్రు.

పది కొట్టంగ మధుసూదన్‌రావు సారు టీసీ కాయితం, కలం పట్టుకొని తలుపుకాడికి వచ్చిండు. ఆయన వెనకనే బాలవ్వ. ఆమె కొంగు పట్టుకొని హర్షిణి. తలకు నూనె పెట్టి రెండు జడలు వేసుకొని, ఎర్ర రిబ్బన్లతోని.

బాలవ్వ కొంగుముడి విప్పి సుద్దముక్కలు టీచరు బల్ల మీద పెట్టింది. "తీస్కోండ్రి. మా పిల్ల దొంగ కాదు," అన్నది. ఎనుక సారు దిక్కు తిరిగింది. "సారూ, సంతకానికి జర ఆగు. పొద్దుగాల లేచిన కాడ్నుంచి కొట్లాడుతున్నది నాతోని, బువ్వ సుత తినలే. ఏడో ఎక్కం అందరి ముంగట పోయి వస్తదట. కరీంనగర్ తీస్కపోయి మల్ల చూపిస్త, అది నా మాట. కానీ ఇయ్యాల నడుమల పడ్డదనుకో, నలుగురు నవ్విండ్రనుకో, నా పానం ఆగదు. టీసీ తీస్కొని పోత. ఇగ ఎవరు మాట్లాడద్దు. దానికి చెప్పిన, సరే అన్నది."

"అవ్వా, అందరు పడ్తరు! పడి లేస్తరు, అదే ఆట," అన్నది అంబ్రీన్.

"నేను ఒప్పుకున్న టీచర్," అన్నది హర్షిణి.

సారు ఆ పిల్లను అద్దాల మీది నుంచి చూసిండు. కాయితం చేతులనే ఉన్నది. "కానియ్యి మరి," అన్నడు.

పిల్లలు గోడలకు ఒదిగి జాగ ఇచ్చిండ్రు. హర్షిణి గడుల కాడికి పోలే. ముందుగాల మూలకున్న ఎర్ర కుర్చీ కాడికి పోయింది. దాన్ని గరగర గుంజుకొచ్చి, ఎప్పటి జాగలనే వేసింది. అంబ్రీన్ ఒక అడుగు ముందుకేసింది. మల్ల కూసుంటదా ఏంది?

కూసోలే. జేబుల నుంచి సీటీ తీసింది. దానికి ఇంకా బియ్యప్పిండి అంటుకొని ఉన్నది. గౌనుకు తుడిచి, పోయి సారు ముంగట చెయ్యి చాపింది.

"ఇయ్యాల లెక్క మీరు పెట్టుండ్రి సారూ. నేను దుంకాలె."

ముప్పై నాలుగేండ్ల సర్వీసుల సారుకు ఎవరు అట్ల పని చెప్పలే. అయినా టీసీ కాయితం సంకల పెట్టుకొని, సీటీ మెడల వేసుకొని, ఆ చిన్న కుర్చీల మోకాళ్లు గదమకు తగిలేటట్టు ఒదిగి కూసున్నడు. పిల్లలెవ్వరు నవ్వలే.

హర్షిణి ఎడమకాలు మడిచింది.

ఏడొకట్ల ఏడు. ఏడు రెండ్ల పద్నాలుగు. ధప్, ధప్ అని ఒకటే పద్ధతిగ. బాలవ్వ పెదవులు తనకు తెల్వకుండనే కదులుతున్నయి. ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై అయిదు. ఇంట్ల గచ్చు గరుకుది. తరగతి బండలు నున్నటియి, పొద్దుగాల్నే తడిబట్ట పెట్టి తుడిచినయి. ఆ సంగతి అంబ్రీన్‌కు అప్పుడు తట్టింది, అప్పటికే పిల్ల ఆరో గడి నుంచి లేచింది.

ఏడో గడిల కాలు జారింది. ఒళ్లు ఎడమకు ఒరిగింది, చేతులు గాలిల కొట్టుకున్నయి, మడిచిన పాదం కిందికి దిగుతున్నది. ఇటు నుంచి అంబ్రీన్, అటు నుంచి బాలవ్వ ఒక్కసారే ముందుకురికిండ్రు.

"పట్టుకోకుండ్రి!"

ఆ పిల్లకు అంత పెద్ద గొంతున్నదని ఆ బడిల ఎవరికి తెల్వదు. ఇద్దరు ఎక్కడోళ్లు అక్కడ్నే ఆగిపోయిండ్రు, చాపిన చేతులు చాపినట్టే ఉన్నయి. ఎడమపాదం నేలకు బెత్తెడు మీద ఊగుతున్నది. కుర్చీల సారు ముందుకు వంగి, ఆ పాదం మీది నుంచి చూపు తిప్పకుండ, సీటీ పండ్ల నడుమ పట్టుకున్నడు.